మొగిలికి లేచిన సర్పి

సర్పికి జాజు పూపిచ్చిందట! అదీ మూలుగ మార్పిచ్చుకున్న మనిషికి! మా అమ్మ లసుమవ్వ తెలివికి దండం పెట్టాలె.

మొగిలి నా తమ్ముడు. దుబాయిల పని చేస్తుంటె రక్తంల క్యాన్సర్ అని బయటపడ్డది. పోయినేడు వేలూరుల నా బొక్కలల్లకెల్లి మూలుగ తీసి వానికెక్కిచ్చిన్రు. బతికిండు. ఏడాది దాటినంక పొక్కులు రాకుండ ఏసే గోళీలు బంద్ చేసుకుంట డాక్టర్ నాకు మరీ మరీ చెప్పిండు. చిన్నప్పుడు అమ్మవారు పోసిన పురుగు చావదట, నరాలల్ల పండుకోని ఉంటదట. ఒంట్ల సత్తువ తగ్గితె సర్పై లేస్తదట. ఒక్క పక్కనే మంట, పొక్కులు కనబడితె మూడు దినాలల్ల మందు పడాలె అన్నడు.

గీ ముచ్చట ఇంట్ల పదిసార్లు చెప్పిన. గోడకు చెప్పినా ఇనేదేమో.

నేను కోరుట్లల బీడీలు చేస్కుంట బతుకుతున్న. సోమవారం మా అమ్మోల్ల ఊరు సారంగాపూర్ బూత్‌కు ఫోన్ చేసి అమ్మను పిలిపిచ్చిన. "మంచిగనే ఉన్నడు బిడ్డా" అన్నది. మనసు ఆగక గురువారం పొద్దుగాల బస్సెక్కి వచ్చిన. చూస్తె మొగిలి మంచంల ఉన్నడు. నుదురు నుంచి ఎడమ కన్ను దాక జాజు ఎర్రమన్ను ఎండి పెచ్చులు కట్టింది. కన్ను ఉబ్బి మూసుకపోయింది. ఒళ్ళు కాలిపోతుంది.

"ఎన్ని దినాలాయెనే?"

"ఐదు. కుమ్మరి మొండయ్య జాజు పూసిండు. ఒర్రకు బిడ్డా."

"ఒర్రకుంటె మంగళహారతి పాడాల్నా?"

ఉరికిపోయి మొండయ్య మీద పడ్డ. ఆయన తల కూడ ఎత్తలే. "కన్ను దగ్గరికి రాంగనే దవాఖానకు తీస్కపొమ్మని మొత్తుకున్న బిడ్డా. అవ్వ ఇనలే" అన్నడు.

సరే, తీస్కపోదామంటె బస్సు ఏది? గా పగటికెల్లి అడివిల అన్నలు బంద్ అన్నరు. ఎన్‌కౌంటరైందట. ఆటోలోల్లు తలుపులేసుకున్నరు. థూ, ఏం బతుకులో! ఆఖరికి మొండయ్యనే ఎడ్లబండి కట్టిండు. గడ్డి పరిచి తమ్మున్ని పండవెట్టినం.

జగిత్యాల ఇంక రెండు మైళ్ళుందనంగ పోలీసులు ఆపిన్రు. మొఖం మీద ఎర్రగ కనబడంగనే తూటా దెబ్బ అనుకున్నరు. "ఎవన్ని దాస్తున్నరు?" అని కట్టెతోని గడ్డి పొడిసిన్రు.

"అన్నలల్ల కలిసేటోడు మూలుగ మార్పిచ్చుకోని కలుస్తడా సారూ!" అని వేలూరు కాయిదాలు మొఖం మీదికి పట్టిన. అన్ని ఇంగ్లీషుల ఉండె. సదివే సారు వచ్చేదాక రెండు గంటలు ఎండల కూసుండవెట్టిన్రు. మొగిలి మూల్గుతనే ఉన్నడు. నాకు ఒళ్ళు మండి ఏడుపొచ్చింది.

దవాఖానల జాజు కడిగి సూదిమందు పెట్టిన్రు. మూడోనాడు కండ్ల డాక్టర్ వచ్చి చూసిండు. పాణానికి భయం లేదన్నడు. ఎడమ కన్ను మాత్రం ఇగ కనబడదన్నడు. రెండో దినమో మూడో దినమో తెస్తె దక్కేదేమో అన్నడు.

ఇగ అమ్మ మీదికి లేచిన. "ఫోన్ల ఒక్క మాట చెప్తె నీ సొమ్మేం పోయేనే? నా బొక్కలు పొడిపిచ్చుకున్నది గిందుకేనా?"

అమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది. మంచంల నుంచి మొగిలి అన్నడు, "అమ్మను అనకక్కా. నేనే చెప్పద్దన్న."

"ఎందుకురా?"

"పోయినసారి రెండు పూటలు గోళి మర్సిపోయిన్నని బూత్‌ల ఊరంత ఇనేటట్టు తిట్టినవ్. నా మూలుగ మట్టిపాలు చేస్తున్నవురా అన్నవ్. మళ్ళ ఏమంటవోనని భయమయ్యింది. జాజుతోనే తగ్గుతదేమో, నీదాక రాకుండనే పోతదేమో అనుకున్న."

నోరు తెరిసిన. వాడు ఉన్న ఒక్క కన్నుతోని నా మొఖం దిక్కే చూస్తుండు, ఇప్పుడు తిడ్తదా, ఇంక జరసేపాగి తిడ్తదా అని.