కింది అరలోకి రాని కోడి

నేను ఒక సత్తు బేసిన్ని. బేసిన్‌లోనే బేసి ఉంది కాబట్టి పుట్టుకతోనే నాకు జత లేదు. సత్తులో సత్తువ సగమే ఉంది. ఆ సగాన్నీ నన్ను నేలకేసి కొట్టినవాళ్ళు పంచుకున్నారు. నా ఒంటి మీద మూడు సొట్టలు, నా కడుపులో ఒక మనిషి చావు ఉన్నాయి. సొట్టలు మాత్రమే పైకి కనిపిస్తాయి.

రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. చిల్లులు పడ్డ గిన్నెల్నీ, చెవులు ఊడిన డబరాల్నీ కలిపి కరిగించి నన్ను చేశారు. అంచేత కరగడమంటే ఏమిటో నాకు స్వానుభవం. మనుషులకే అది సరిగ్గా తెలియదు. పక్కవాడి కష్టానికి కరగడానికి మనిషికి ఏళ్ళు పడతాయి గానీ, రాయిలా బిగిసిన కోడి మాత్రం అరగంటలో కరిగిపోవాలంటాడు.

మొదట భీమవరంలో ఒక మెస్సులో బియ్యం కడిగాను. మెస్సుకు మూత పడింది. మూత లేని నేను పాత సామాన్ల బండి ఎక్కాను. ఆ బండివాడు పాత బట్టలకు గిన్నెలిస్తూ ఉండి అనే ఊరి దాకా వచ్చాడు. అక్కడ నూకరత్నం అనే ఆవిడ, మొగుడి ప్యాంట్లు నాలుగు ఇచ్చి నన్ను పుచ్చుకుంది. మొగుడు తాతబ్బాయి రైసుమిల్లులో కాటా గుమాస్తా. సాయంత్రం వచ్చి నన్ను చూసి, "నా పరువు తీసి బేసిన్ కొన్నావన్నమాట" అని నవ్వాడు. పదేళ్ళు ఆ నవ్వు విన్నాను. ఆయన స్నానానికీ, ఆవిడ పిండి వడియాలకీ, పండగ పూట పులిహోర కలపడానికీ నేనే.

తరవాత తాతబ్బాయికి పెద్ద జబ్బు వచ్చింది. మూడు వారాలకోసారి ఆసుపత్రిలో మందు ఎక్కించేవారు. జుట్టు పోయింది, నోరు పూసింది, అన్నం అంటే మొహం తిప్పుకునేవాడు. ఒంట్లో తెల్లకణాలు పడిపోయాయనీ, పచ్చివీ నిలవవీ పెట్టొద్దనీ డాక్టరు చెప్పాడు. ఆయన లేవాలని నూకరత్నం వెంకన్నకు శనివారాలు మొక్కుకుంది. ఆ రోజు ఫ్రిజ్‌లో కింది అరలన్నీ దేవుడివి: పాలు, పెరుగు, తులసి. పైన ఐసు గదిలో కోడి ఉండొచ్చు గానీ కిందికి దిగకూడదు. ఒకే ఫ్రిజ్‌లో పైన మాంసాహారం, కింద మడి. నియమం అన్న మాట మధ్యలో యముడు కూర్చుని ఉంటాడని నాకు అప్పటికి తెలియదు.

ఒక శనివారం సాయంత్రం తాతబ్బాయి కోడలిని పిలిచి, "అనంతా, రేపు కోడి పులుసు తినాలనుందమ్మా" అన్నాడు. మూడు నెలల్లో ఆయన నోరు తెరిచి అడిగిన మొదటి తిండి అది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడుపు ఆపుకున్నారు.

కోడలు అనంతలక్ష్మి రొయ్యల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. మొగుడు లారీ మీద తిరుగుతుంటే, చలి గదుల్లో నిలబడి ఇంటిని లాక్కొస్తోంది. ఐసు సంగతి ఆమెకు తెలుసు. కవరులో కట్టిన నాటుకోడి ముక్కల్ని అప్పుడే తీసి నాలో పెట్టి, కింది అరలో అన్నిటికన్నా అడుగున ఉంచుదామనీ, రేపటికి చల్లగానే మెత్తబడతాయనీ, నీరు కారినా నాలోనే ఆగుతుందనీ అత్తకు చెప్పింది.

"శనివారం పూట కోడిని పాల కింద పెడతావా?" అంది నూకరత్నం. "ఆయన కోసమే కదే ఈ మొక్కు. నా చేత తప్పించకు."

"కంటికి కనపడని పురుగు ఐసులో నిద్దరోద్దత్తా, చావదు. గోరువెచ్చగా తగిలిందా, లేచి సంసారం పెట్టేస్తాది."

"నీ ఫ్యాక్టరీ కబుర్లు రొయ్యలకి చెప్పు."

అనంత తగ్గింది. పొద్దున్నే షిఫ్టుకు వెళ్తూ, కవరు విప్పకుండా చన్నీళ్ళలో ముంచమనీ, అరగంటకోసారి నీళ్ళు మార్చమనీ, కరగ్గానే పొయ్యి మీద పెట్టమనీ, అంతవరకూ ఎండ గానీ వేడినీళ్ళు గానీ తగలనివ్వొద్దనీ రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

నూకరత్నం ఏడింటికి కవరు విప్పి, ముక్కల ముద్దను నాలో పడేసి, స్నానానికి కాచిన నీళ్ళు పోసి, పెరట్లో కుళాయి పక్కన ఎండలో పెట్టింది. త్వరగా కరగాలని ఆవిడ ఆశ. తరవాత ఆయనకు ఒళ్ళు తుడిచింది, పక్కబట్టలు మార్చింది, మసాలా నూరింది. నన్ను మరిచిపోయింది. నీళ్ళు గులాబీ రంగు తిరిగాయి. ముక్కలు పైన మెత్తబడ్డాయి, లోపల ఎముక దగ్గర ఇంకా రాయే. ఐసు కరుగుతోందనుకున్నాను. కరుగుతున్నది ఆయుసు.

పదకొండు దాటాక వచ్చి ముక్కలు తీసుకుంది. పులుసు గంటసేపు తుకతుకా ఉడికింది. అందులో ఏ పురుగూ బతకలేదు. బతికింది నాలో మిగిలింది. ఆవిడ నన్ను వంచి, గుప్పెడు నీళ్ళతో ఒకసారి తొలిచి, నాలోనే ఉల్లిపాయా కీరా తరిగి పెరుగు పోసింది, ఆయన పూసిన నోటికి చలవ చేస్తుందని. నాకు నోరుంటే అరిచేవాణ్ణి. నాకు ఉన్నదంతా కడుపే.

తాతబ్బాయి పులుసులో రెండు ముక్కలు తిని, కారం మండి ఆపేశాడు. పెరుగు పచ్చడి మాత్రం మళ్ళీ వేయించుకున్నాడు. మూడు నెలల తరవాత మొగుడు మారు వడ్డించమన్నందుకు నూకరత్నం తనకు మిగుల్చుకోకుండా అంతా ఆయనకే పెట్టింది. ఆవిడ జీవితంలో చివరి సంతోషం నాలోంచే వడ్డించింది.

సోమవారం సాయంత్రానికి చలిజ్వరం, వాంతులు, విరేచనాలు. మంగళవారం ఆసుపత్రి. మామూలు మనిషైతే రెండు రోజులు పడుకుని లేచేవాడనీ, ఈయన ఒంట్లో పోరాడేవాళ్ళే లేరనీ డాక్టరు అన్నాడట. గురువారం పోయాడు.

కర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం పెరట్లో అనంత నన్ను తోముతూ ఆగింది. "అత్తా, ఆ రోజు పెరుగు దేంట్లో కలిపావు?"

"దాంట్లోనే."

"కడిగావా?"

"తొలిచాను కదే." అని ఆవిడ అనంత మొహంలోకి చూసింది.

అనంత తల దించుకుని, "అయితే ఏం కాదులే" అంది. నన్ను ఇంకో రెండుసార్లు సబ్బు వేసి తోమి, వేడినీళ్ళు కుమ్మరించి, ఎవరికీ పనికిరానంత శుభ్రం చేసి, వెనక గుమ్మం పక్కనున్న పాత ఇనుము గోనెలో పడేసింది. ఆ ఒక్క అబద్ధం కన్నా శుభ్రమైనది ఆ ఇంట్లో నేను చూడలేదు. 

ఇప్పుడు నేను ఆకివీడులో పాత సామాన్ల కుప్ప మీద ఉన్నాను. రేపో మాపో కొలిమి. ఆ వేడికి నాలో ఏదీ బతకదు. ఒక్క చూపు మాత్రం కరుగుతుందో లేదో.

అది గోనెలోంచి వంటింట్లోకి నేను చూసిన ఆఖరి చూపు. తాతబ్బాయి మాసికం ఆదివారం పడింది. ఆయనకిష్టమైన కోడి పులుసు ఆకులో పెట్టాలి. మొగుడు పోయినా నూకరత్నం శనివారాలు మానలేదు. మానితే మొక్కు దండగయిందని ఒప్పుకున్నట్టే. ఆ శనివారం సాయంత్రం దేవుడికి దీపం పెట్టి వచ్చి, ఫ్రిజ్ తెరిచింది. పాలూ తులసీ పై అరకు జరిపింది. ఐసు గదిలోంచి కోడి కవరు తీసి, లోతైన స్టీలు పళ్ళెంలో పెట్టి, అన్నిటికన్నా అడుగు అరలోకి వంగి నెట్టింది.

అనంత గుమ్మంలో నిలబడిపోయింది. "అత్తా... శనివారం."

"తెలుసే" అంది నూకరత్నం, వెనక్కి తిరగకుండా. "నాకంతా తెలుసు."

తలుపు వేసింది. ఫ్రిజ్‌లో దీపం ఆరిపోయింది.