నాలుగు గంటల ఎండ

కొత్త సినిమా ఒప్పుకుంటే కెమెరామన్ చేసే మొదటి పని గోడ నిండా రంగు కాగితాలు అంటించడం. ఏ సీనుకి ఏ రంగు, వెలుగు ఏ వైపు నుంచి, నీడ ఎంత ముదురు, అన్నీ తేలాకే కెమెరా ముట్టుకుంటాడు. ఈసారి పది రోజులైనా గోడ ఖాళీగానే ఉంది. డైరెక్టరమ్మ అడిగింది చిన్నప్పటి ఎండ. లైట్లతో ఎన్ని తంటాలు పడ్డా పెళ్లి వీడియోలాగే వస్తోంది.

అలాంటి ఎండ అతనికి తెలిసి ఒక్కచోటే ఉంది, అక్క కుట్టుమిషన్ గదిలో. నాన్న "ఐదింటికల్లా వచ్చేస్తా" అని వెళ్లి తిరిగి రాని రోజున, నాలుగు గంటలకి ఆ గదిలో పడ్డ ఎండ ముప్పై ఏళ్లుగా కదల్లేదు. బయట వాన పడ్డా చీకటి పడ్డా అక్కడ నాలుగే. ఇరుగుపొరుగువాళ్లు సూదిలో దారం ఎక్కించుకోవడానికీ, వేలికి గుచ్చుకున్న ముల్లు తీయించుకోవడానికీ వచ్చిపోతుంటారు. అక్క మాత్రం వీధి మలుపు దాటదు. సినిమా దుస్తులు కుట్టే షాపువాళ్లు ఎన్నిసార్లు పనికి పిలిచినా ఒకటే మాట.

"నాలుగే కదా అయింది. నాన్న వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండొద్దూ?"

"ఒక్క టెస్ట్ షాటే అక్కా. రంగు పట్టుకుని పోతా," అన్నాడు ఆ రోజు కెమెరాతో వచ్చిన తమ్ముడు.

"కానీయ్. నా వైపు మాత్రం తిప్పకు, తల దువ్వుకోలేదు."

మిషన్, అరిగిన సుద్దముక్క, నేల మీద గుడ్డపీలికలు. అన్నిటి మీదా అదే పసుపు. షాట్ అయ్యేసరికి సగం గది మసకబారింది. సగం ఎండని కెమెరా తాగేసింది. అక్కడితో ఆపాల్సింది. మొదటిది పాడైతే పనికొస్తుందని ప్రతి షాటూ రెండోసారి తీసే పదిహేనేళ్ల అలవాటు ఊరుకుంటుందా? నోరు దానంతటదే అనేసింది:

"సేఫ్టీకి ఇంకొకటి."

రెండోది అయ్యేసరికి కిటికీలో మామూలు సాయంత్రం కనిపించింది.

"అక్కా, ఎంత పని చేశాను!"

అక్క కిటికీలోకి చూసింది. "టైమెంతరా?" అంది.

"ఆరున్నర."

"ఐదు దాటిపోయిందన్నమాట."

చేతిలోని గుడ్డలో మొహం దాచుకుని ఏడ్చింది. ఎవరూ ఆపలేని ఏడుపు. తమ్ముడు ఆపబోలేదు కూడా, పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు. చాలాసేపటికి ఆమె మొహం తుడుచుకుంది.

"ఆ సినిమా దుస్తుల షాపు పొద్దున ఎన్నింటికి తీస్తారు?"

"తొమ్మిదింటికి."

"ఎనిమిదింటికే వచ్చి తీసుకెళ్లు. నాకు దారి తెలీదు."