నాన్న బస్సుకంటే ముందు

ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే ఆ పదహారేళ్ల పిల్లకు వాలీబాల్ అంటే ప్రాణం. బడి జట్టులో చోటు కోసం ఆరు నెలలు చెమటోడ్చింది. తీరా ఇప్పుడా చోటుకే ఎసరొచ్చింది. ఆట ముగించుకుని ఊరి చివరి కాలనీకి చేరేసరికి ఏడూ ఇరవై అవుతోంది. ఏడింటికల్లా ఇంట్లో ఉండాలన్నది ఇంటి కట్టుబాటు. నెలాఖరుతో ఆట మానెయ్యమని తండ్రి తేల్చి చెప్పాడు.

తమాషా ఏమిటంటే, ఆమెను రోజూ ఇంటికి చేర్చే బస్సు నడిపేది ఆయనే. పద్దెనిమిదేళ్లుగా అదే దారి. తన బండికంటే త్వరగా కాలనీకి ఎవరూ చేరలేరని ఆయన ధీమా. కాదన్నవాళ్ల మీద ఇంతెత్తున లేచేవాడు. కాలనీ జనం కూడా ఆ మాటే నమ్మి, చివరి స్టాపు దాకా కునికిపాట్లు పడుతూ కూర్చునేవాళ్లు.

పిడుగు కునికే రకం కాదు. టీచరు చెప్పిన పనిగా, వారం రోజులు ప్రతి పావుగంటా దేనికి పోయిందో నోటుబుక్కులో రాసింది. చూసుకుంటే ఒళ్లు మండింది. నీళ్ల ట్యాంకు స్టాపు దాటాక బస్సు గోదాములనూ ఫ్యాక్టరీ గేట్లనూ ఒక్కొక్కటే పలకరించి, నలభై నిమిషాలకు కాలనీకి వస్తోంది. ట్యాంకు పక్కనే రైలు పట్టాల మీద నడక వంతెన ఉంది. దాని అవతల కాలనీయే.

సోమవారం ట్యాంకు దగ్గర లేచి నిలబడింది. ఇక్కడెందుకని తండ్రి అద్దంలోంచి అడిగాడు.

"నీకంటే ముందు ఇంట్లో ఉంటా నాన్నా."

బస్సులో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ, లోపల చురుక్కుమంది. ఆ పూట బండిని కాస్త గట్టిగానే తోలాడు.

చివరి స్టాపులో పిడుగు మొహం కడుక్కుని, బట్టలు మార్చుకుని నిలబడి ఉంది. సాక్ష్యానికి వాళ్లమ్మను కూడా వెంటబెట్టుకొచ్చింది. ఏడింటికి ఇంకా అయిదు నిమిషాలుండగానే గుమ్మంలో ఉందని తల్లి చెప్పింది. ఆయన స్టీరింగు వదలకుండానే గడియారం కేసి రెండుసార్లు చూసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల గొప్ప ఒక్క పూటలో వదులుకోవడం మాటలు కాదు, పాపం.

మర్నాడు పొద్దున డ్యూటీకి ముందు ఆయనే ఆ వంతెన అటూ ఇటూ నడిచి, దీపాలున్నాయో లేవో చూసొచ్చాడు.

ఆ సాయంత్రం ట్యాంకు దగ్గర ఇంజను ఆపి, సీట్లోంచి లేచి జనం వైపు తిరిగాడు.

"కాలనీవాళ్లంతా ఇక్కడే దిగండి. వంతెన దాటితే పావుగంట. దారి మా అమ్మాయి చూపిస్తుంది." తర్వాత కూతురితో మెల్లగా అన్నాడు. "ఆట మానక్కర్లేదులే."

పిడుగు వెనకాల ఇరవై మంది దిగారు. ఆయన తలుపు మూసి, ఖాళీ బస్సుతో చుట్టుదారి పట్టాడు.