బోర్డు మీద ఆగస్టు ఏడు

సూరత్ శివారు భేస్తాన్‌లో మా పద్మశాలి సంఘం భవనం గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉంది. చరిత్రలో ఆ రోజు ఏం జరిగిందో దాని మీద రాయడం నా పని. ఇక్కడ పుట్టిన పిల్లలు బడిలో గుజరాతీ, హిందీ చదువుతారు. తెలుగు అక్షరాలైనా మరిచిపోకూడదని సంఘం కార్యదర్శి రవీంద్రన్న ఈ పని పెట్టాడు. సిరిసిల్ల దగ్గర పల్లెటూరి బడిలో నేర్చుకున్న నా చేతిరాత బాగుంటుందని నాకు అప్పజెప్పాడు. రోజూ సాయంత్రం పాతది తుడిచి, మర్నాటిది రాసి వెళ్తాను.

ఆగస్టు ఆరు సాయంత్రం మర్నాటి కోసం మూడు వరుసలు రాశాను.

1905: కలకత్తా టౌన్‌హాల్ సభలో స్వదేశీ ఉద్యమం మొదలైంది.
2006: తాపీ నది పొంగి సూరత్ మునిగింది.
2015: మొదటి జాతీయ చేనేత దినోత్సవం.

లోపల రవీంద్రన్న కుర్చీలు వేయిస్తున్నాడు. మర్నాడు చేనేత దినోత్సవ సభ. ఊళ్లో చేమగ్గం నేసి, తర్వాత సూరత్ వచ్చిన పెద్దవాళ్లకు శాలువాలు కప్పుతారు. వాళ్లలో మా అత్తమ్మ భూదేవి కూడా ఉంది.

రవీంద్రన్న బయటికొచ్చి బోర్డు చదివాడు.

“చెల్లె, నడుమల ఈ వరద ఎందుకు? రేపు అత్తమ్మకు శాలువ కప్పాలె. గిది చూస్తే మనసు పాడైతది గదా.”

ఆ మాట నాకు ముందే తట్టాల్సింది. మా మామ బిక్షపతి ఆ వరదలోనే పోయాడు. అప్పట్లో ఆయన కతార్‌గామ్‌లో నదికి దగ్గరగా ఉన్న మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. నీళ్లొస్తున్నాయని తెలిసి, నూలు మేడ మీదికి ఎక్కించడానికి వెళ్లి తిరిగి రాలేదు. మనిషి దొరకలేదు. ఏ రోజు పోయాడో తెలియదు కాబట్టి ఆయనకు తిథి లేదు. గుడి అయ్యగారు చెప్పినట్టు పితృ అమావాస్య, అంటే పెత్రమాస నాడు, ఇంట్లో పోయిన పెద్దలందరితో కలిపి, ఆయన పేరున కూడా అయ్యగారికి బియ్యం ఇస్తాం. నేను కోడలిగా వచ్చాక అత్తమ్మ నోట ఆ వరద మాట వినలేదు.

తడిగుడ్డతో నడిమి వరుస తుడిచేశాను. అంతలోనే అత్తమ్మ కూరగాయల సంచితో వచ్చింది. ఆమెకు చదువు రాదు. కానీ నేను రాస్తుంటే వెనక నిలబడి చూడడం ఆమెకు ఇష్టం.

“గీడ తుడిచినవేంది?”

“తప్పు పడ్డది అత్తమ్మా.”

“నువ్వు తప్పు రాసినవా?” అని నవ్వింది. “రవీ, ఇన్నవా? పెద్ద పంతులమ్మ తప్పు రాసిందట!”

రవీంద్రన్నకు అబద్ధం దాచడం రాదు. “వరద సంగతి రాసింది అత్తమ్మా. నేనే తుడువుమన్న. రేపు నీకు సన్మానం గదా అని.”

అత్తమ్మ సంచి కింద పెట్టింది.

“మల్ల రాయి, బిడ్డా.”

“నీకు బాధనిపియ్యదా?”

“అనిపిస్తది. పెత్రమాస నాడు మా అత్తకు, మామకు, వాళ్ల తాతలకు అందరికి ఇచ్చినంక ఆఖరుకు ఈయన పేరొస్తది. రేషన్ లైన్ల నిలవడ్డట్టు. ఈయనకంటూ ఒక్క రోజు లేదు.”

“తేదీకి ఎవలన్న ఇస్తరా అత్తమ్మా?” అన్నాడు రవీంద్రన్న. “తిథికి గదా ఇచ్చేది.”

“అయితే తిథి నువ్వు చెప్పు.”

అతను కుర్చీల వైపు చూశాడు.

“ఈ సూరత్‌ల వరద ఎప్పుడొచ్చిందని ఎవల్నన్న అడుగు. సేఠు గాని, చాయ్ అమ్మెటోడు గాని, సాత్ అగస్ట్ అంటరు. ఊరందరికి యాదికున్న రోజు నాకెందుకు వద్దు?”

నేను సుద్దముక్క తీసుకున్నాను. “మామ పేరు కూడా రాయాల్నా?”

“ఆయనేమన్న లీడరా? వద్దు, చూసినోళ్లు నవ్వుతరు.” సంచి మళ్లీ చేతికి తీసుకుంటూ, “జర పెద్దగ రాయి,” అంది.

మర్నాడు సభకు ముందే అత్తమ్మ తలస్నానం చేసి, చాటలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు సర్దింది. నా భర్త రాత్రి షిఫ్టు నుంచి నేరుగా గుడికి వచ్చాడు. అయ్యగారు చాట చూసి, “పెత్రమాసకు ఇంకా దినాలున్నయి గదమ్మా,” అన్నాడు.

“గది అందరిది. ఇయ్యాల మా ఆయనది.”

అయ్యగారు నా భర్తను కూర్చోబెట్టి, ఎవరి పేరున ఇస్తున్నారో చెప్పమన్నాడు. ఎప్పుడూ మొగుడి పేరు నోటితో పలకని అత్తమ్మ, కొడుకు నోరు తెరిచేలోపే “బిక్షపతి” అంది. అయ్యగారు తర్వాతి పేరు కోసం ఆగి చూశాడు.

“గంతే,” అంది అత్తమ్మ.