తొమ్మిదో ఆకు

అరటి గుజ్జులో విత్తనం వెతకడంలో జల్లెడమ్మను మించిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు, ఇక పుట్టబోదు. ముప్పై ఏళ్లలో ఆమె వేళ్ల కింద నుంచి ఒక్క గింజ జారిందని రుజువు చేయండి, మీసం గొరిగించుకుంటాను.

ఆకుమచ్చ తెగులును తట్టుకునే అరటిని పుట్టించాలని పనిచేసే తోట అది. ఆమె మొగుడు మంచు ఆరకముందే నిచ్చెనెక్కి, ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వుకు పూసేవాడు. గెల పండాక ఆమె పండ్లు ఒలిచి, గుజ్జును జల్లెడ మీద రుద్దేది. వంద గెలలు పిసికితే నాలుగో అయిదో గింజలు.

"పైకెక్కి పుప్పొడి పూశావా, కునుకు తీశావా?" అనేది ఆమె.

"ముందు నీ కళ్లకు అద్దాలు పెట్టించుకోవే" అనేవాడు ఆయన.

ఒకరోజు గుండెలో నొప్పంటూ నిచ్చెన దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. ఆయన చివరిగా పుప్పొడి పూసిన గెల మూడు నెలలకు పండింది. దానికి కట్టిన చీటీ మీద ఆయన వంకర అక్షరాలు. ఆ గెలంతా రుద్దితే మిరియమంత విత్తనం, ఒకే ఒక్కటి.

మొక్కల డాక్టరమ్మ దాన్ని సీసాలో మొలిపించి పరీక్ష మడిలో నాటింది. చుట్టూ తెగులు చెట్లే. మందు కొట్టరు, ఆకు తుంచరు. తట్టుకున్న చెట్టు ఉంటుంది, తట్టుకోలేనిది దుంపతో సహా పోతుంది.

జల్లెడమ్మ రోజూ భోజనాల వేళ అక్కడే.

"ఈ ఎండలో ఏం పనత్తా?" అనేవాడు కాపలావాడు.

"మీ మామతో పోట్లాట మిగిలిపోయిందిరా."

చెట్టు గెల వేసిన వారంలో, పైనుంచి తొమ్మిదో ఆకు మీద నల్లటి మచ్చలు కనబడ్డాయి. ఆమె అటూ ఇటూ చూసి, ఆకు కోసి, మడిచి, తొక్కల గంప అడుగున దాచింది.

మర్నాడు ఆకులు లెక్కపెట్టుకుంటూ వచ్చిన డాక్టరమ్మ తెగిన కాడ దగ్గర ఆగింది.

"ఎవరు కోశారిది?"

"నేనే తల్లీ. మచ్చ పడింది. ఆయన చెట్టు పోతుందేమోనని..."

"ఎంత పని చేశావు పిన్నీ! లేత ఆకులకు పడితేనే చెట్టు ఓడినట్టు. ముదురాకుకు పడితే ఏం? తొమ్మిదో ఆకు దాకా మచ్చ లేకుండా వచ్చిన చెట్టు ఈ తోటలో ఇదొక్కటే."

"అయితే ఉంచమ్మా."

"కత్తి తగిలిన చెట్టును ఉంచితే మిగతా నాలుగొందల చెట్ల లెక్కా ఎవరూ నమ్మరు. కనీసం ఆ ఆకైనా ఉంటే పైవాళ్లకు చూపించి అడిగేదాన్ని."

జల్లెడమ్మ పరుగెత్తింది. గంపను అప్పటికే ఎరువు గుంటలో బోర్లించేశారు. మోచేతుల దాకా పెట్టి కెలికింది. మిరియమంత గింజను పట్టే వేళ్లకు నిలువెత్తు ఆకు దొరకలేదు.

ఒక్క గింజా జారలేదని మొదట కోతలు కోశాను గదా? జారాయి లెండి, ఆరేడు. కడిగిన నీళ్లలోంచి మొగుడే ఏరి తెచ్చి, నెలల తరబడి ఏడిపించాడు. ఇక నా మీసమంటారా, అది ఎప్పుడూ లేదు. పందెం ఒప్పుకునే ముందే చూసుకోవాల్సింది మీరు. ఈసారి మాత్రం ఏరి తెచ్చి ఏడిపించే మనిషి ఆమెకు లేడు.

సాయంత్రం చెట్టును పెకలించారు. డాక్టరమ్మ అటు తిరిగి నిలబడినప్పుడు, జల్లెడమ్మ దుంప పక్కనున్న చిన్న పిలకను సంచిలో వేసుకుని ఇంటికెళ్లి కిటికీ కింద నాటుకుంది. ఇప్పుడది నిచ్చెనంత ఎత్తుంది.

చూపించమని మాత్రం అడక్కండి. ఆ పిలక ఒక్కటే నేను కల్పించింది. పిలకలన్నీ దుంపతో పాటే నరికేశారు. ఆమె సంచిలో ఇంటికెళ్లింది వంకర అక్షరాల చీటీ.