అక్క పంపే మందార టీ

హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే చెల్లెలు, ఒక మధ్యాహ్నం బుట్టలోంచి దుప్పటి తీసి లేవబోయి, కళ్లు బైర్లు కమ్మి మెషీను పక్కనే కూలబడింది. మేనేజరు వెంటనే డాక్టరు దగ్గరికి పంపించాడు.

"బీపీ మాత్రతో పాటు ఇంకేమైనా తీసుకుంటున్నారా?" అంది డాక్టరమ్మ, చేతికి కట్టిన బీపీ పట్టీ విప్పుతూ.

"మందార టీ అండీ. రోజుకి నాలుగు కప్పులు."

"నాలుగా! మాత్రా బీపీని దించుతుంది, అదీ దించుతుంది. ఆ టీ మానేయండి."

మానేయడం అంత తేలికా? ఆ టీ అక్క పంపేది. తల్లికి ఎవరు ఎక్కువ చాకిరీ చేశారన్న మాట మీద అక్కాచెల్లెళ్లు మాటలు మానేసి మూడేళ్లయింది. తల్లి ఇద్దరికీ సమానంగా పంచి పోయింది బీపీ ఒక్కటే. దాని మీద మాత్రం తగాదా రాలేదు. నెలకో పొట్లం పోస్టులో వచ్చేది, లోపల చీటీ: "నేనూ తాగుతున్నాను. బీపీకి మంచిది." చెల్లెలు "అందింది" అని మెసేజ్ కొట్టేది. అంతే వాళ్ల కబుర్లు. ఒంటిగదిలో ఉండే మనిషికి అదే పండగ. పొట్లం తొందరగా ఖాళీ అయితే రెండోది తొందరగా వస్తుందేమోనని రెండు కప్పుల్ని నాలుగు చేసింది, పిచ్చి ముఖం.

చెప్పకుండా ఊరుకుంటే పొట్లాలు వస్తూనే ఉంటాయి. కానీ అక్క కూడా బీపీ మాత్రలు మింగుతోంది. అక్కా ఒంటరిదే; మెట్ల మీద కళ్లు తిరిగితే పట్టుకునే దిక్కు లేదు. చెల్లెలు ఇంటికెళ్లి, చెప్పులైనా విప్పకుండా ఫోన్ చేసింది.

"అక్కా, ఆ టీ తాగకు. మాత్రతో కలిసి బీపీ మరీ తగ్గిపోతోందట. ఇవాళ పనిలో పడిపోయాను. నువ్వూ డాక్టరుకి చూపించుకో."

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"సరే, చూపించుకుంటాను." "అయితే ఇంక పంపను" అంది అక్క.

చెల్లెలికి ఏడుపు తన్నుకొచ్చింది. మూడేళ్ల పౌరుషం ఎటు పోయిందో పోయింది.

"టీ వద్దులే అక్కా. ఖాళీ కవరు పంపినా చాలు. నాకెవరున్నారు చెప్పు?"

అవతలి నుంచి జవాబు వచ్చింది, కోపంగానే.

"నాకు మాత్రం ఎవరున్నారే?"