పాతదానికి గుర్తు

గురజాలలో కోటేశ్వరి నడిపే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపులోని వర్క్‌స్టేషన్ అనే పెద్ద కంప్యూటర్ ఏదో ఆఫీసువాళ్లు వద్దనుకుంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. జరపాలంటే ఇద్దరు కావాలి. ఆమె సొంతంగా గీసుకున్న జాకెట్ డిజైన్లన్నీ దాని హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తే ఎవరో ఒకరు కాజేస్తారని ఆమె భయం. ఇప్పుడు ఆ డిస్కే నేడో రేపో పోయేలా టకటకా కొట్టుకుంటోంది.

కంప్యూటర్లు బాగుచేసే షాకిర్‌కి ఇలాంటి మొండివాళ్లంటే చిరాకు. అయినా ఆ డిజైన్లు పోతే ఆమె షాపు మూసుకోవాల్సిందేనని తెలుసు కాబట్టి అదే కంపెనీ డిస్క్ కొత్తది వెతికి తెచ్చాడు. పాతది విప్పి కొత్తదాని పక్కన బల్ల మీద పెట్టేసరికి అజాన్ వినిపించింది. పాతదానికి ఏదన్నా గుర్తు పెట్టి ఉంచమని ఆమెకు చెప్పి నమాజుకు వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి డిస్కులు రెండూ తళతళలాడుతున్నాయి. దుమ్ము కనబడితే ఊరుకోలేని మనిషి, పాతదాన్ని కూడా గుడ్డముక్కతో తుడిచేసింది. ఒకదాని మీద మాత్రం ఎర్రగా బొట్టుంది. గుర్తు బాగానే పెట్టిందనుకున్నాడు షాకిర్.

కాపీ చెయ్యడానికి అతని దగ్గర రెండు గూళ్ల డబ్బా ఒకటుంది. ఎడమ గూట్లో డిస్క్‌లో ఏముంటే అది కుడి గూట్లోని డిస్క్‌లోకి మక్కీకి మక్కీ దిగుతుంది. కుడిదాంట్లో అంతకుముందున్నది తుడిచిపెట్టుకుపోతుంది. డబ్బా మనల్ని ఒక్క మాటైనా అడగదు. బొట్టున్నదాన్ని ఎడమవైపు, రెండోదాన్ని కుడివైపు దిగేసి బటన్ మీద వేలు పెట్టాడు.

"బొట్టు చక్కగా పెట్టావక్కా," అన్నాడు ఊరికే, మాటకి.

"కొత్త వస్తువాయె. పెట్టకుండా ఎట్టా వాడతాం?"

వేలు అక్కడే ఆగింది.

"నేను పెట్టమంది పాతదానికి గదక్కా."

"ఏంది షాకిరూ, పొయ్యేదానికి ఎవరన్నా బొట్టు పెడతారా?"

షాకిర్ బటన్ మీంచి వేలు తీసేశాడు. కొత్త బండ్లకీ, కొత్త మోటర్లకీ బొట్లు పెట్టడం చిన్నప్పటినుంచీ చూస్తున్నవాడే. ఆ సంగతి ఆ కాసేపూ బుర్రకి తట్టలేదు. ముందే చూసుకోవాల్సిన లేబుళ్ల మీది తయారీ తేదీలు ఇప్పుడు చదివి, డిస్కులు మార్చి పెట్టాడు.

సాయంత్రానికి కాపీ అయింది. కొత్తది బిగించి ఆన్ చేస్తే నెమళ్లూ, మామిడి పిందెలూ, లతలూ అన్నీ తెర మీదికొచ్చాయి. అప్పుడు చెప్పాడు, ఆ బటన్ నొక్కి ఉంటే ఏమయ్యేదో. కోటేశ్వరి స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. చాలాసేపు ఒక్కొక్క డిజైనూ తెరిచి చూసుకుంది.

తర్వాత లేచి కుంకుమ భరిణె తెచ్చి పాత డిస్క్‌కి కూడా బొట్టు పెట్టింది.

"ఇన్నాళ్లూ కూడు పెట్టింది గదా," అంది.

షాకిర్ జేబులోంచి మార్కర్ తీసి, ఆ బొట్టు కిందే 'పాతది' అని రాశాడు.